నాడీకణ పొర వంపు: ‘అచ్చు’ ఉపమానం – విమర్శనాత్మక పరిశీలన

నాడీకణాల కొసల్లో వెసికిల్స్ అనే సూక్ష్మ సంచులుంటాయి. వీటి వ్యాసం సుమారు 40 నానోమీటర్లు. అవి కణపొరలో కలిసి సంకేత రసాయనాన్ని విడుదల చేశాక, అదే పొర నుంచి మళ్లీ రూపొందాలి. లేకుంటే నిల్వ అడుగంటి సంకేత ప్రసారం నిలిచిపోతుంది. ఇందుకు పొర వంగాలి. దాన్ని ప్రోటీన్లు ఎలా వంచుతాయన్న ప్రశ్నకు తరచుగా వచ్చే సమాధానం ‘అచ్చు’: వంగిన ప్రోటీన్‌కు అతుక్కున్న పొర ఆ వంపునే పొందుతుందని. ఈ ఉపమానం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

దీనికి ప్రధాన ఆధారం 2004లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించిన, యాంఫిఫైసిన్‌లోని ‘బార్’ భాగపు స్ఫటిక నిర్మాణం. రెండు అణువులు జతకూడి అరటిపండులా వంగి ఉంటాయి. లోపలివైపు ధనావేశం, పొరలోని ఋణావేశాన్ని ఆకర్షిస్తుంది. అయితే ఈ ఆకారం రెండు వివరణలకు తావిస్తుంది. ప్రోటీన్ పొరను వంచుతూ ఉండవచ్చు. లేదా అప్పటికే వంగిన చోటును గుర్తించి అక్కడ చేరుతూ ఉండవచ్చు. స్ఫటికం ఒక్కటే దీన్ని తేల్చలేదు. పరీక్షనాళికలో పొర గొట్టాలుగా మారడం ప్రోటీన్ సామర్థ్యాన్ని చూపుతుందే గాని, కణంలో దాని పనిని నిరూపించదు. పైగా, పొరపై ప్రోటీన్లు కిక్కిరిస్తే ఆ ఒత్తిడే దాన్ని వంచగలదని 2012 నాటి ప్రయోగాలు చూపాయి. అందుకు వంగిన ఆకారం అవసరమే లేదు.

కణంలో లభించిన సాక్ష్యం మరింత కీలకం. ఎండోఫిలిన్ కూడా బార్ కుటుంబానిదే. దాని మూడు జన్యువులనూ తొలగించిన ఎలుకల నాడీకణాల్లో క్లాథ్రిన్ తొడుగు గల వెసికిల్స్ తగ్గకపోగా పేరుకుపోయాయని 2011లో తేలింది. అంటే పొర వంగింది, వెసికిల్ తెగింది. తొడుగు ఊడటమే కుంటుపడింది. అలాగని వంచడంలో దాని పాత్రను పూర్తిగా తోసిపుచ్చలేం. అతివేగ ఎండోసైటోసిస్‌లో వెసికిల్ మెడ ఏర్పడటానికి అది తోడ్పడుతుందని 2018 నాటి అధ్యయనం చూపింది.

డైనమిన్ విషయంలో నిరూపణ ఇంతకన్నా సూటిగా ఉంది. ‘షిబిరె’ ఉత్పరివర్తనం గల పండ్ల ఈగలో, ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలకు చేరితే డైనమిన్ పనిచేయదు. పొర లోపలికి వంగుతుంది గాని మెడ తెగదు; వెసికిల్స్ తరిగిపోయి ఈగ చచ్చుబడుతుంది. చల్లబరిస్తే కోలుకుంటుంది. ఏ దశ ఆగిందో ఇక్కడ స్పష్టం.

కాబట్టి ‘అచ్చు’ను నిర్ధారణగా కాక, పరీక్షించవలసిన ప్రతిపాదనగా స్వీకరించాలి. ప్రోటీన్ ఆకారంతో పాటు, దాన్ని తొలగించినప్పుడు ఏ దశ ఆగుతుందో కూడా చూపినప్పుడే వివరణ పూర్తవుతుంది.