బాహుబలి ద్వితీయ భాగము: ప్రేక్షకుల తీర్పు

కథను నడుమ నాపి, తరువాయి భాగమునకై శ్రోతను వేచియుండజేయుట తెలుగువారికి క్రొత్త గాదు. కాశీమజిలీ కథలలో గోపబాలుడు త్రోవలో నొక వింతను చూచి దాని వృత్తాంత మడుగును. మణిసిద్ధుడు మజిలీలో దానిని వినిపించును. పల్నాటి వీరుల కథను పాడువారు రాత్రుల తరబడి దానిని సాగించిరి. అయినను తెలుగు చలనచిత్రమునకు ఈ పద్ధతి చిరకాలము అలవడలేదు. 1951 నాటి ‘పాతాళభైరవి’యు, 1957 నాటి ‘మాయాబజార్’ను, 1961 నాటి ‘జగదేకవీరుని కథ’యు ఒక్క ప్రదర్శనములోనే ఆరంభమై, ఆ ప్రదర్శనములోనే ముగిసినవి. వానిని చూచి యింటికి వచ్చిన ప్రేక్షకునకు పాటలు మిగిలినవి, మాటలు మిగిలినవి. ప్రశ్న మాత్రము మిగులలేదు.

2015 జూలై 10వ తేదీన విడుదలయిన ‘బాహుబలి’ మొదటి భాగము ప్రేక్షకుని చేతిలో ఒక ప్రశ్నను పెట్టి పంపినది. కట్టప్ప బాహుబలిని ఎందులకు చంపెను? రెండవ భాగము 2017 ఏప్రిల్ 28వ తేదీన వచ్చువరకు, అనగా 21 నెలలకు పైగా, ఆ ప్రశ్న తెలుగు, తమిళ, హిందీ, మలయాళ భాషలలో సామెతవలె చెల్లుబడి అయినది. చిత్రమును చూడనివారు సైతము దానిని పలికిరి. రెండవ భాగము ప్రపంచమంతట కలిపి 1000 కోట్ల రూపాయల వసూలును దాటిన మొదటి భారతీయ చిత్రమయినది. జాతీయ పురస్కారములును పొందినది. అయితే టిక్కెట్టు కొన్నవాడెల్ల మెచ్చినవాడు గాడు. వసూళ్ల లెక్క ఎందరు చూచిరో చెప్పునుగాని యేమనుకొనిరో చెప్పదు. ప్రేక్షకుల అభిప్రాయములను విడిగా పరిశీలింపవలసి యుండుట యిందువలననే.

ఆ అభిప్రాయములలో తరచుగా వినవచ్చినది ఒకటి కలదు: అమరేంద్ర బాహుబలి బ్రతికియున్నంతవరకు చిత్రము మనస్సును పట్టి యుంచినదనియు, అతడు పడిపోయిన పిమ్మట పట్టు సడలినదనియు. కుంతల దేశమున వెఱ్ఱివానివలె నటించుచు దేవసేన కొలువులో చేరుట, మంటలు కట్టిన కొమ్ములతో ఎద్దులను శత్రువులపైకి తోలుట, మూడు బాణము లొక్కమారు సంధించు నేర్పును దేవసేనకు పోరునడుమ తెలుపుట - వీనిని మెచ్చనివారు అరుదు. కడపటి యుద్ధము విషయమున మాత్రము పెదవి విరిచినవారు పెక్కురు. తాటిచెట్లను వంచి, సైనికులను డాళ్ల గుండుగా కూర్చి కోటలోనికి విసరు ఘట్టమున చప్పట్లతోపాటు నవ్వులును వినబడినవి. జానపద కథలో ఇట్టివి దోషములు గావని కొందరు సమర్థించిరి. ఆ సమర్థన న్యాయమే. మాయల ఫకీరుకు లొంగిన ప్రేక్షకుడు తాటిచెట్టుకు లొంగకపోవుట కారణము భౌతికశాస్త్రము గాదు. అప్పటికే అతని కథ ముగిసియుండుటయే కారణము. బాహుబలి యెట్లు చనిపోయెనో తెలిసికొనుటకు వచ్చినవాడు ఆ సంగతి తెలిసికొనెను. తరువాతి యుద్ధము మొదటి భాగము చేసిన అప్పును రెండవ భాగము తీర్చుటవంటిది. అప్పు తీర్చుట ధర్మమే కాని, దానిని వేడుకగా చూచువారుండరు.

ఇక కట్టప్ప ప్రశ్నకు దొరకిన సమాధానము మిక్కిలి సరళమైనది. రాజమాత ఆజ్ఞాపించినది, సింహాసనమునకు తరతరములుగా కట్టువడిన బానిస పాటించెను. అతడు వెనుదీసినచో తానే ఆ పని చేయుదునని ఆమె పలికినది. ఇన్ని నెలలు వేచిన దింతేనా యని నిరాశ చెందినవా రున్నారు. వారు కోరినది మణిసిద్ధుని సమాధానము: తెలియని సంగతి తెలియవలెను, వింత వీడిపోవలెను. చిత్ర మిచ్చినదో, బేతాళుని ప్రశ్న. బేతాళుడు జరిగినదంతయు తానే చెప్పి, తప్పెవరిదని అడుగును. రెండవ భాగమును చూచి వచ్చిన యిండ్లలో జరిగిన వాదములు ఈ జాతివే. కట్టప్ప ధిక్కరింపవలసినదా? దేవసేన నాలుకకు అదుపుండవలసినదా? శివగామి అంత గ్రుడ్డిదెట్లయ్యెను? ఎందులకు అన్న ప్రశ్న ఒక్క ఆటతో తీరిపోయినది. ఎవరిది తప్పు అన్న ప్రశ్నయే ప్రేక్షకులను రెండవమారు థియేటరుకు రప్పించినది.

శివగామిని గూర్చిన ఆక్షేపణమే అన్నిటిలో విలువైనది. మొదటి భాగములో పసికందును చంకనిడుకొని రాజ్యమును కాపాడిన వివేకవతి రెండవ భాగములో పొరపాటుపై పొరపాటు చేయుట పాత్రపోషణ లోపమని పలువురు అనిరి. ఇది సగము నిజము. ఆమె వివేకము మొదటినుండియు వేగముతో కూడినదే. మొదటి భాగమున రాజద్రోహిని శిక్షించినపుడు విచారణ లేదు. కన్ను మూసి తెరచునంతలో కత్తి దిగినది. అప్పుడు ఆమె నిర్ణయము సరియైనది గనుక అది తెగువగా కనబడినది. అదే వేగముతో దేవసేన ఇష్ట మడుగక భల్లాలునకు మాట యిచ్చినది. గుణము మారలేదు, ఫలము మారినది. రామాయణములో మాటకు కట్టువడినవాడు దశరథుడు, పట్టువిడువనిది కైక. ఇచ్చట ఆ యిద్దరును ఒక్క స్త్రీలోనే యున్నారు. మంథర స్థానమున కుంటిచేతి బిజ్జలదేవుడు కూర్చున్నాడు. ఇంతవరకు ఆక్షేపణము నిలువదు.

కాని కుమారవర్మ చచ్చిన పిమ్మటి ఘట్టమున ఆక్షేపణము నిలుచును. ఇద్దరు కుమారులను సమముగా పెంచి, యుద్ధమున వారి గుణములను తూచి, వారిలో నొకనిని ఎన్నుకొన్న స్త్రీ, అతడు సోదరునిపైననే కుట్ర పన్నెనని వినినంతనే, ఒక్కమారైనను పిలిచి యడుగక మరణదండనము విధించుట నమ్మశక్యముగా లేదు. అడిగినచో కథ లేదు గనుక రచయిత అడుగనీయలేదు. ఈ లోపమును కనిపెట్టినవారు పండితులు గారు. సామాన్య గృహిణులే ముందుగా కనిపెట్టిరి. కోడలిపై కోపముతో కొడుకును దూరము చేసికొన్న అత్తగారిని వారెరుగుదురు. విచారింపక చంపించు తల్లిని మాత్రము వారెరుగరు.

ప్రేక్షకులు గమనింపని సంగతియు నొకటి కలదు. ఆలయమున స్త్రీలపై చేయివేసిన సేతుపతి వ్రేళ్లను దేవసేన నరికినది. సభలో విచారణ జరుగుచుండగా బాహుబలి వచ్చి, నరకవలసినది తలయని చెప్పి నిలుచున్నచోటనే నరికెను. చిత్రమంతటిలో మిన్నుముట్టిన చప్పట్లు ఈ చోటనే. కాని సభలో తీర్పు వెలువడకముందే శిక్ష నమలుపరచిన వానిని ఏ రాజ్యము క్షమించును? పిమ్మట దంపతులను వెలివేయుట చూచి శివగామిని నిందించినవారే, కొన్ని నిమిషముల ముందు ఆమె కొలువు గౌరవమును భంగపరచిన కత్తికి ఈలలు వేసిరి. రెండును ఒకే హృదయమునుండి పుట్టినవి. శివగామికి విచారణ లేదని కోపించిన ప్రేక్షకునకు, బాహుబలి విచారణను త్రోసివేయుట ముద్దయినది.

కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారికి ఈ చిత్రముతో మరికొన్ని చుట్టరికములు కలవు. దర్శకుడు రాజమౌళి 1973లో జన్మించినది రాయచూరు జిల్లాలోని అమరేశ్వర క్యాంపున. కోస్తానుండి తరలివెళ్లిన తెలుగు రైతు కుటుంబముల ఊర్లను ఆ ప్రాంతమున క్యాంపులనియే పిలుతురు. దేవసేన పుట్టినిల్లుగా చెప్పిన కుంతలము శాసనములలో ఉత్తర కర్ణాటక, దక్షిణ మహారాష్ట్ర భాగములకు పేరు. బాహుబలి అను పేరు వినినంతనే అచటివారికి శ్రవణబెళగొళపు 57 అడుగుల గోమటేశ్వరుడు స్ఫురించుట సహజము. అన్న భరతుని గెలిచియు, గెలిచిన రాజ్యమును త్యజించి తపమునకు పోయినవా డతడు. ఆ కథను 941లో ‘ఆదిపురాణ’మున కన్నడించిన పంపకవి పూర్వులు వేంగినాటివారు, ఆతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనములో తెలుగు కందపద్యములు కలవు. చిత్రకథ జైనకథ గాదు. అయినను దేవసేనకిచ్చిన మాటకై సింహాసనమును విడిచి, సోదరుని పట్టాభిషేకమున సేనానిగా నిలుచున్న అమరేంద్రుని యందు ఆ పేరునకు తగిన తేజము కొంత కనబడును. కుమారుడు మహేంద్రుడు మరల సింహాసనమును గెలుచుటలో ఆ తేజము లేదు. కడపటి భాగమున ప్రేక్షకుల ఉత్సాహము తగ్గుటకు ఇదియు నొక కారణము కావచ్చును. విడుచుటను చూచి కరగినవారిని గెలుచుటతో తృప్తిపరచుట కష్టము.

కర్ణాటకమున ఈ చిత్రపు విడుదల అంత సులభముగా జరుగలేదు. కట్టప్ప పాత్రధారి సత్యరాజ్ తొమ్మిదేండ్ల క్రిందట కావేరీ జలవివాదమున పలికిన మాటలకు క్షమాపణ చెప్పవలెనని కన్నడ సంఘములు పట్టుపట్టినవి. రాజమౌళి కన్నడమున విన్నపము చేసికొనెను, 2017 ఏప్రిల్ 21వ తేదీన సత్యరాజ్ విచారము వెలిబుచ్చెను, ఆందోళన విరమింపబడినది. డబ్బింగు చిత్రములకు నాడు కన్నడమున చోటులేనందున, బెంగుళూరులో కన్నడిగులును తెలుగువారును ఒకే తెలుగు ప్రతిని ప్రక్కప్రక్క కూర్చుండి చూచిరి. తమిళనాట అట్లు గాదు. అచ్చట తెలుగుతో సమముగ నిర్మింపబడిన తమిళ ప్రతి కలదు. తరతరములుగా తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములలో పెద్దలకు తెలుగు ప్రతియు, పిల్లలకు తమిళ ప్రతియు నచ్చుట వింత గాదు. బొంబాయి, షోలాపురములలో హిందీ ప్రతి ఆ స్థానమును ఆక్రమించినది. యానామువారికి ఈ చిక్కు లేదు.

ప్రతి మారిన కొలది అభిప్రాయమును కొంత మారును. బాహుబలి కట్టప్పను ‘మామా’ యని పిలుచును. హిందీలో ఆ మాట మేనమామకే చెల్లును. తెలుగు, తమిళముల యందు మామ యనగా తల్లి సోదరుడును, పిల్లనిచ్చిన వాడును; చనువుతో పిలిచిన పెద్దవాడును మామయే. వెన్నులో కత్తి దిగిన తరువాతను ఆ పిలుపులోని చనువు తగ్గకుండుట తెలుగు చెవికి చేయు గాయము వేరు. హిందీ ప్రతిని చూచిన పిల్లవాడు కట్టప్పను స్వామిభక్తుడైన బానిసగా తలచి జాలిపడినచో, తెలుగు ప్రతిని చూచిన తాత అతనిని ఇంటివానిగా తలచి క్షమింపకపోవచ్చును.

అవంతిక పాత్రను గూర్చి ఒక మాట మిగిలినది. మొదటి భాగమున కత్తిపట్టి పోరాడిన యువతి రెండవ భాగమున దాదాపు మూగదై గుంపులో కలిసిపోయినది. మొదటి భాగములోని ఆమె ప్రణయఘట్టమును, నాయకుడు ఆమె యిష్టమునకు విరుద్ధముగా వేషము మార్చిన తీరును, 2015లోనే కొందరు తీవ్రముగా విమర్శించిరి. 2025 అక్టోబరు 31వ తేదీన రెండు భాగములను కలిపి ఒకే చిత్రముగా విడుదల చేసినపుడు సుమారు ఐదున్నర గంటల కథ నాలుగు గంటల లోపునకు కుదింపబడినది. అట్లు కుదించుటలో మొదట కత్తెరకు గురియైనది ఆ ప్రణయఘట్టమే. తాటిచెట్లు మాత్రము నిలిచినవి.