డేవిడ్ బాష్ ‘మార్గపు ఆత్మీయత’: ప్రమాదములో బ్రతికి మిగిలినవారికి అది చాలునా?

దక్షిణ ఆఫ్రికా మిషన్ శాస్త్రవేత్త డేవిడ్ జె. బాష్ మన సెమినరీ విద్యార్థులకు ‘ట్రాన్స్‌ఫార్మింగ్ మిషన్’ (1991) రచయితగానే తెలుసు. దానికి పన్నెండేండ్ల ముందు, 1979లో, రెండవ కొరింథీ పత్రిక ఆధారముగా మిషనరీల ఆత్మీయ జీవితమును గూర్చి ఆయన ‘ఎ స్పిరిచ్యువాలిటీ ఆఫ్ ది రోడ్’ అను చిన్న పుస్తకమును వెలువరించాడు. 1992 ఏప్రిల్‌లో ఆయన స్వదేశములోనే కారు ప్రమాదములో మరణించాడు. పుస్తకము పేరును ఆ మరణముతో ముడిపెట్టి ప్రసంగము చేయాలని మనకు ఆశ కలుగుతుంది. ఆ ఆశను అణచుకొనుట మంచిది. ప్రమాదములో దాగిన సంకేతములను వెదకుట దుఃఖములో ఉన్నవారికి సహాయము కాదు.

లోకమును విడిచి పారిపోవు యాత్రికుని భక్తి ఒకటి, పట్టణములోనికి పంపబడిన యోనా మార్గము మరొకటి. ఈ రెండు నమూనాలను ఎదురెదురుగా నిలిపి, దేవునితో సహవాసము పరిచర్య మార్గములోనే లభించునని బాష్ వాదిస్తాడు. పుస్తకమునకు ప్రాణము మాత్రము బలహీనతను గూర్చిన భాగములలో ఉన్నది. ఆయన చూపు పౌలు విజయవీరుడు కాడు. ఆసియలో బ్రదుకుమీద ఆశ వదలుకొన్నవాడు (1:8), మంటి ఘటము వంటివాడు (4:7). త్రోయలో సువార్తకు తలుపు తెరవబడినను, తీతు కనబడలేదని మనస్సు నిలువక వెళ్లిపోయినవాడు (2:12-13) కూడ ఈ పౌలే. మన మిషనరీ కూటములలో ఆ రెండు వచనములపై ప్రసంగము ఎన్నిసార్లు విన్నాము?

అయినను నాకొక అభ్యంతరమున్నది. అది గ్రంథాలయములో పుట్టినది కాదు. కొన్నేండ్ల క్రితము మా సంఘము పోషించిన ఒక సేవకుడు ఆఫ్రికాలో రాత్రి ప్రయాణములో జీపు బోల్తాపడి మరణించాడు. అదే బండిలో ఉన్న స్థానిక సహాయకుడు కూడ చనిపోయాడు. బండి నడిపిన సహసేవకుడు బ్రతికాడు. జ్ఞాపకార్థ కూడికలో నేను రోమా 8:28పై ప్రసంగించాను. కూడిక ముగిసిన తరువాత ఆ సహసేవకుడు, “అయ్యగారూ, ఆ మేలు ఎవరికి?” అని మాత్రము అడిగాడు. నా యొద్ద జవాబు లేకపోయెను.

బాష్ చెప్పు సిలువ, సందేశమును మోయువాని బలహీనతకు సంబంధించినది. ఆ శ్రమకు పరిచర్యలో ఒక అర్థమున్నది. అరిగిన టైరుకు, నిద్రమత్తు కంటికి అర్థమేమి? ఇక్కడ హింసకుడు లేడు, హతసాక్షి కిరీటము లేదు. బ్రతికినవానికి అపరాధ భావము మాత్రము మిగులును. పౌలు తన శ్రమల పట్టికలో కొరడా దెబ్బల ప్రక్కనే ఓడ పగులుటను, నదుల ఆపదలను చేర్చాడు (11:25-26). ఈ రెండవ జాతి శ్రమను బాష్ మార్గములో మరికొంత దూరము నడిపించవలసియున్నది. సిలోయము గోపురము కూలి చనిపోయిన పదునెనిమిదిమంది విషయములో యేసు వారి పాపమును కారణముగా ఒప్పుకొనలేదు (లూకా 13:4-5). హతసాక్షియైన స్తెఫను కొరకే భక్తులు బహుగా ప్రలాపించారు (అపొ. 8:2). మనమైతే సమాధియొద్దనే స్తోత్రగీతము ఎత్తుకొందుము.

మరియొక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో రోడ్డు ప్రమాదములలో సుమారు 11.9 లక్షలమంది మరణించారు. అందులో 92 శాతము అల్ప, మధ్యాదాయ దేశములలోనే. అనగా, మిషనరీకి అసాధారణముగా తోచిన ఈ మరణము అనేక క్షేత్రములలో స్థానికులకు చిరపరిచితము. ఎట్లు ఏడ్వవలెనో వారియొద్ద నేర్చుకొనవచ్చును. మా ప్రార్థన పత్రికలోనైతే ఆ సహాయకుడు “మరియొకరు” మాత్రమే. ఆ వాక్యము వ్రాసినది నేనే.

ఏడాది తరువాత ఆ సహసేవకుడు తిరిగి వెళ్లి, మొదట ఆ సహాయకుని తల్లి ఇంటికి పోయాడు. ఆమె ఏమియు అడుగక కూర్చుండబెట్టి భోజనము పెట్టినదట. ఆ ఉత్తరము వచ్చిన పిమ్మటనే, చనిపోయిన వాని పేరేమిటని నేను ఆయనను వ్రాసి అడిగాను.