నింద వేరు, నేరం వేరు

ఉర్దూలో ‘ముల్జిమ్’ వేరు, ‘ముజ్రిమ్’ వేరు. మొదటివాడు నింద మోపబడినవాడు. రెండవవాడు నేరం రుజువైనవాడు. తెలుగులోనూ నిందితుడు, నేరస్థుడు అనే మాటలు ఈ భేదాన్ని చక్కగా నిలుపుతాయి. అనువాదకునికి చిక్కు లేదు. చిక్కంతా పత్రికా శీర్షికలలో ఉన్నది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన పిమ్మట హైదరాబాదులో అనేకమంది ముస్లిం యువకులను పోలీసులు నిర్బంధించారు. విచారణకు ముందే వారి పేర్లు ఉగ్రవాదమనే మాటతో జతపడ్డాయి. సికింద్రాబాదు ఇరానీ హోటళ్ళలో పత్రిక తిరగేసినవారికి ఇక తీర్పుతో పనిలేకపోయింది. తమపై మోపిన కేసులలో పలువురు నిర్దోషులుగా విడుదలయ్యారు. ప్రభుత్వం నష్టపరిహారమిచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. డబ్బు సంగతి అలా ఉంచుదాం. పోయిన పరువును తిరిగి తెచ్చే ఉత్తర్వు ఏది?

మన చట్టం అత్యాచార బాధితుల, నేరారోపణకు గురైన బాలల పేర్లు వెల్లడించరాదంటుంది. వయోజనుడైన అనుమానితునికి అట్టి రక్షణ లేదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం ఛార్జిషీటు దాఖలు కావటమో, సమను లేక వారెంటు జారీ కావటమో జరిగితేనే క్రిమినల్ కేసు పెండింగులో ఉన్నట్లు లెక్క. పత్రికలు విరివిగా రాసేది అంతకుముందే! రక్షణ అరెస్టు నాటినుండే మొదలుకావాలని లా కమిషన్ 200వ నివేదిక 2006లో సూచించింది. అది అమలుకు రాలేదు. మరుసటి ఏడే పై సంఘటన జరిగింది. ఛార్జి మోపక ముందు, దర్యాప్తులో ఉన్న వ్యక్తికి సాధారణంగా గోప్యత ఉండాలని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది.

పేర్లు దాచితే అక్రమ నిర్బంధాలకు ముసుగు దొరుకుతుందని కొందరి వాదన. తోసిపుచ్చదగిన మాట కాదు. అయితే అరెస్టు సంగతి కుటుంబానికి, వకీలుకు, మెజిస్ట్రేటుకు తెలియటం వేరు. నేరస్థుడని ఊరంతా చాటటం వేరు.

ఇక మన సంగతి. అదే కేసులో దర్యాప్తు తరువాత మరొక దిక్కుకు మళ్ళింది. విచారణను ఎదుర్కొన్న ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంతకు ముందు వారి పేర్లు పలికినప్పుడు మనలో ఎందరు ‘ముల్జిమ్’ అన్నారు, ఎందరు ‘ముజ్రిమ్’ అన్నారు? పరుల పట్ల వైరం మనల్ని న్యాయం నుండి తొలగించరాదని దివ్య ఖుర్ఆన్ (5:8) ఆదేశం. రుజువయ్యేదాకా మనిషి బాధ్యతా విముక్తుడేనన్న ఫిఖ్హ్ సూత్రం, బరాఅతుజ్జిమ్మా, మనవారికే పరిమితం కాదు.

చట్టసభ మేల్కొనేదాకా మన పత్రికలు ఆగనవసరం లేదు. ఒక్క పదం సరిగా వాడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.