కొబ్బరిచెట్ల నడుమ రాగి తీగ

లాభాపేక్ష లేకుండా, అభ్యాసం కోసమూ ఆపత్కాల సేవ కోసమూ ప్రసారాలు నడిపే హ్యామ్ రేడియో విద్యకు, 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఛిన్నాభిన్నం చేసిన గోదావరి డెల్టాలో ప్రత్యేకమైన విలువ ఉంది. కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే లైసెన్సులలో మోర్స్ పరీక్ష లేని రిస్ట్రిక్టెడ్ గ్రేడు తొలిమెట్టు కాగా, చుక్కలు, గీతలతో కూడిన ఆ సంకేతలిపిని నిమిషానికి 8 పదాల వేగంతో పంపి, గ్రహించగల నేర్పును కోరే జనరల్ గ్రేడు పైమెట్టు. 1983లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇందులో శిక్షణనిస్తూ వచ్చింది.

తొలి షార్ట్‌వేవ్ యాంటెన్నాగా డైపోల్, అనగా తరంగదైర్ఘ్యంలో సగం పొడవుండి నడిమధ్యన కేబులు కలిసే తీగ, మిక్కిలి అనువైనది. 40 మీటర్ల బ్యాండుకు చెరివైపునా సుమారు 10 మీటర్ల రాగి తీగ చాలును. అది పది మీటర్ల ఎత్తున ఉంటే తరంగాలు నిటారుగా పైకెగసి, అయనావరణాన్ని తాకి, కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో దిగివస్తాయి కనుక పగటివేళ రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదుకు మాట అందుతుంది. గాలికి ఊగే కొబ్బరిచెట్లకు కట్టిన తీగ తెగకుండా తాడును కప్పీ మీదుగా బరువుకు వేలాడదీయడంలోనూ, ఉప్పుగాలికి చిలుము పట్టకుండా అతుకులను కప్పడంలోనూ ఈ విద్య అసలైన పనితనం వెల్లడవుతుంది.