ఇంటి రాగి మాల్టు

నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద వరి విస్తరించి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడిన ప్రాంతంలో అన్నమే ప్రధానాహారమైనా, పిల్లలకు పాలలో కాచి ఇచ్చే రాగి మాల్టు పొడిని ఇంట తయారుచేయడం నిదానమూ అనుభవమూ కోరే విద్య. మాల్టు అంటే మొలకెత్తించి, ఆ మొలక సాగకముందే ఆరబెట్టిన ధాన్యం. రాగులను రాళ్లు లేకుండా గాలించి, రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో మూటకట్టి నీళ్లు చిలకరిస్తూ ఉంచితే ఒకటి రెండు రోజుల్లో తెల్లని మొలక వస్తుంది. ఆ దశలో గింజలో పెరిగే ఎమైలేజ్, అనగా పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైము, జావ మరీ చిక్కబడకుండా చూస్తుంది గనుక అదే గ్లాసులో ఎక్కువ పిండి ఇముడుతుంది. ఆ మొలకలను ఆరబెట్టి, మూకుడులో దోరగా వేయించి పొడి చేయాలి; సరిగా ఆరకపోతే పొడి బూజుపడుతుంది, వేయించేటప్పుడు మంట పెరిగితే పొట్టు మాడి చేదెక్కుతుంది. కమ్మని వాసన రాగానే మూకుడు దించే ఆ అంచనాలోనే పనితనమంతా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు లోపే.

చాక్లెట్ రుచి కోరే పిల్లల కోసం ఈ మాల్టు పొడిలో కొంత కోకో పొడి కలపవచ్చు; కోకో గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండేదే. బెల్లం మాత్రం తేమను పీల్చి పొడిని గడ్డకట్టిస్తుంది గనుక డబ్బాలో కలపక, పాలు విరగకుండా, కాచి దించి కాస్త చల్లారాకే వేయాలి.