54 బైట్లు చాలు

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషను దుకాణాల్లో ఫోన్లు ఊరుకోవు. తేజ రకం మిర్చి ఎంత పలికింది, కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎప్పుడు తీయాలి, అంతా ఫోన్లోనే. ఇప్పుడు ఆ ఫోన్లలో కొన్నిటికి దారి ఇంటర్నెట్టే. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, టీవీ, ఇంటర్నెట్‌లతో పాటు ఫోనూ ఇచ్చింది కాబట్టి పల్లెలకూ ఇది కొత్తేమీ కాదు.

ఇలాంటి ఫోన్లను ఇంటర్నెట్‌కు కలిపే గేట్‌వేలు చూసుకోవడం నా పని. "మా మాట వాళ్లకు వినపడుతోందట, వాళ్ల మాటే మాకు రావట్లేదు" అని కబురొస్తే ముందు ప్యాకెట్లు పట్టి చూస్తాను. కాల్ కలిపే సందేశాలు సిప్ అనే ప్రోటోకాల్‌వి, మామూలుగా 5060 పోర్టులో నడుస్తాయి. మాట మాత్రం ఆర్‌టీపీ ప్యాకెట్లలో విడిగా పోతుంది. అందుకే బెల్లు మోగినా, కాల్ కలిసినా మాట రాకపోవచ్చు. గేట్‌వే తన బయటి అడ్రసుకు బదులు 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసు ఆ సిప్ సందేశంలో చెప్పిందంటే, అవతలి గొంతు మనదాకా చేరదు.

మాట తెగుతుంటే ఆర్‌టీపీ ప్యాకెట్ల సీక్వెన్స్ నంబర్లు చూడాలి. జీ.711 కోడెక్‌లో మామూలుగా సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 160 బైట్ల మాట. గేట్‌వేకు రెండు పక్కలా పట్టి, ఏ నంబరు ఎటువైపు తప్పిందో పోల్చితే లోపం ఆఫీసులో ఉందో బయటి లైన్లో ఉందో తేలిపోతుంది.

నా పట్టింపంతా ఇక్కడే. ఆ నంబర్లు, టైమ్‌స్టాంపులు ప్యాకెట్ ముందుండే హెడర్లలోనే ఉంటాయి. ఈథర్‌నెట్‌కు 14, ఐపీకి 20, యూడీపీకి 8, ఆర్‌టీపీకి 12, మొత్తం 54 బైట్లు. ఆ తర్వాతదంతా మనిషి గొంతు. ప్యాకెట్లు పట్టే టీసీపీడంప్‌ను 54 బైట్ల దగ్గర ఆపమంటే ఆపుతుంది. చెప్పకపోతే అంతా పట్టేస్తుంది. ఎన్‌క్రిప్షన్ లేని కాల్‌ను, ప్యాకెట్లు విప్పి చూపే వైర్‌షార్క్‌లో పెట్టి వినొచ్చు కూడా. రైతు అప్పు సంగతి, వ్యాపారి చెప్పిన ధర, బ్యాంకుకు ఫోన్ చేసి నొక్కిన పిన్ అంకెలు, అన్నీ ఆ ఫైలులో ఉండిపోతాయి. (సిప్ సందేశాలు పూర్తిగా చదవక తప్పదు. వాటిలో ఎవరు ఎవరికి చేశారో ఉంటుంది, గొంతు ఉండదు.) వినగలిగిన చోట వినకుండా ఉండడం కూడా ఈ పనిలో భాగమేనని నా నమ్మకం.

మీ ఆఫీసు ఫోను బాగుచేయడానికి ఎవరైనా ప్యాకెట్లు పడుతుంటే, ఎన్ని బైట్లు పడుతున్నారో అడగండి. పనయ్యాక ఆ ఫైలు మీ ఎదుటే చెరిపించండి. వీలున్నచోట ఆర్‌టీపీకి బదులు, ఎన్‌క్రిప్షన్ ఉండే ఎస్‌ఆర్‌టీపీ పెట్టించండి. దానిలో మాటకే తాళం పడుతుంది, ఆర్‌టీపీ హెడర్ తెరిచే ఉంటుంది కాబట్టి లోపం వెతికేవాళ్లకు అడ్డేమీ ఉండదు.