చిన్న ఆనందం పలాయనమా? – ఇస్మాయిల్ కవిత్వం గురించి

ఇస్మాయిల్ (1928–2003) కవితాసంపుటాలలో ఒకదాని పేరు ‘బాల్చీలో చంద్రోదయం’. ఆయన కావ్యదృష్టి చాలావరకు ఆ రెండు మాటల పొత్తులోనే ఉంది. చంద్రోదయం తరతరాలుగా కావ్యవస్తువు. బాల్చీ మాత్రం ఇంటిపనికి చెందిన వస్తువు. నీళ్ళు తోడుకునే పాత్రలోకి ఆకాశాన్ని దింపిన ఈ చూపును మెచ్చినవారు ఉన్నారు, శంకించినవారూ ఉన్నారు.

శంకకు కారణాలు లేకపోలేదు. విరసం 1970లో ఏర్పడింది. ఇస్మాయిల్ తొలి సంపుటి ‘మృత్యువృక్షం’ 1976లో వచ్చింది. ఆ దశాబ్దంలో కవిత్వాన్ని కొలిచిన ప్రధానమైన కొలబద్ద సామాజిక ప్రయోజనం. దానితో కొలిచేవారి నోట ‘అనుభూతి కవిత్వం’ అన్న మాట ఒక వర్గీకరణగా కన్నా అభియోగంగానే ఎక్కువ వినిపించింది. లోకం మండిపోతుంటే చెట్టునూ పిట్టనూ చూసి మురిసిపోవడం పలాయనం కాదా అన్నది ఆ అభియోగ సారాంశం. వృత్తిరీత్యా వైద్యుణ్ణి కనుక ఈ ప్రశ్నను నాకు తెలిసిన దారిలో పరిశీలిస్తాను.

మనోవిజ్ఞానంలో తరచుగా ఉదహరించే ఒక అధ్యయనాన్ని ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం 1978లో ప్రచురించింది. ఇల్లినాయ్ లాటరీలో పెద్దమొత్తం గెలిచిన 22 మందినీ, గెలవని 22 మందినీ, ప్రమాదాల్లో అవయవాలు చచ్చుబడిన 29 మందినీ ప్రశ్నించారు. అయిదుకు లెక్కవేస్తే, ప్రస్తుత సంతోషంలో గెలిచినవారి సగటు 4.00, గెలవనివారిది 3.82. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. అయితే స్నేహితుడితో మాట్లాడటం, ఉదయం ఫలహారం, నవ్వు తెప్పించే చలోక్తి వంటి రోజువారీ సుఖాల గురించి అడిగినప్పుడు గెలవనివారి సగటు 3.82 కాగా, గెలిచినవారిది 3.33కు పడిపోయింది. పెద్ద అదృష్టం పక్కన చిన్న రుచులు చప్పబడ్డాయని పరిశోధకులు భావించారు.

ఈ అధ్యయనం చిన్నది, కాబట్టి దానిమీద పెద్ద మేడ కట్టకూడదు. ‘ప్రమాద బాధితులు కూడా అంతే సంతోషంగా ఉన్నారు’ అని దీన్ని ఉదహరించడం కూడా పొరపాటే. వారి ప్రస్తుత సంతోషం 2.96 మాత్రమే. లాటరీ విజేతల మీద స్వీడన్‌లో జరిగి 2020లో వెలువడిన విస్తృత పరిశోధనలో, జీవితం పట్ల సంతృప్తి గెలుపు తరవాత పెరిగి ఏళ్ళ తరబడి నిలిచిందని తేలింది. కాని సంతోషం మీద ఆ ప్రభావం అంతకన్నా బాగా తక్కువ. జీవితాన్ని లెక్కచూసుకుని తృప్తిపడటం వేరు, గడిచే పూటను అనుభవించడం వేరు అని దీన్నిబట్టి అనుకోవచ్చు. డబ్బు మొదటిదాన్ని పెంచగలదు. కవి పని రెండోదానితో.

వలస వచ్చిన మనకు ఈ తేడా దూరపు విషయం కాదు. మన చదువుకూ శ్రమకూ తోడు ఒక లాటరీ కూడా తగిలింది. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అని లెక్క చూసుకుంటే తృప్తిగానే ఉంటుంది. ఇక్కడ కార్లోలో జూన్ నెలలో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులో బారో నది గట్టున నడవడానికి ఖర్చేమీ లేదు. అయినా ఆ నడక వాయిదా పడుతూనే ఉంటుంది.

ఆ నది ఒడ్డునే, కార్లోకు దక్షిణాన ఉన్న లాక్లిన్‌బ్రిడ్జ్‌లో, 1820లో జాన్ టిండల్ పుట్టాడు. చీకటిగదిలోకి దూరిన కాంతిపుంజంలో ధూళి తేలడం అందరూ చూసిందే. మన దార్శనికులు ఆ రేణువుకు త్రసరేణువని పేరు కూడా పెట్టారు. టిండల్ దాన్ని వదలకుండా చూశాడు. ధూళి లేని గాలిలో కాంతిమార్గం కనపడదని గమనించాడు. అటువంటి గాలి నింపిన పెట్టెల్లో మరిగించిన మాంసరసాలు నెలల తరబడి కుళ్ళకుండా ఉండటం చూపించి, సూక్ష్మజీవి సిద్ధాంతానికి బలం చేకూర్చాడు. ఆయన పేరిట వచ్చిన టిండలైజేషన్‌ను వైద్యవిద్యార్థులు నేటికీ చదువుతారు. చిన్నదాన్ని శ్రద్ధగా చూడటం లోకంనుంచి పారిపోవడమే అయితే, ఆ దారి రోగకారణాల దాకా వెళ్ళి ఉండేది కాదు.

ఇస్మాయిల్ చూపూ ఇటువంటిదే. తొలి సంపుటి శీర్షికలోనే మృత్యువును నిలిపిన కవి, తన వ్యాససంపుటికి ‘కరుణ ముఖ్యం’ అని పేరు పెట్టారు. చావు ఎరిగినవాడికి క్షణం విలువ తెలుస్తుంది. ఆ ఎరుక మరో ప్రాణి మీద నిలిచినప్పుడు దాన్నే కరుణ అంటాం. పక్కనున్న చెట్టునే చూడలేని కన్ను పీడితుణ్ణి మాత్రం చూడగలదని నేను నమ్మలేను.

ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. కుంగుబాటును గుర్తించడానికి వైద్యులు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్నే, పనుల్లో ఆసక్తిగాని ఆనందంగాని తగ్గిందా అని. ఆనందించే శక్తే ఆ జబ్బులో దెబ్బతింటుంది. అలాంటివారికి ‘చిన్న చిన్న సంతోషాలు వెతుక్కో’ అని బోధించడం, కాలు విరిగినవాణ్ణి నడవమనడమే. ఆకలిగొన్నవాడికి చంద్రోదయం చూపించడమూ అంతే. అనుభూతివాదాన్ని శంకించిన విమర్శకులు ఈ ప్రమాదాన్ని సరిగానే పసిగట్టారు. చిన్న ఆనందాన్ని నీతిబోధగా మార్చినప్పుడు వారి అభియోగం నిలుస్తుంది. ఇస్మాయిల్ బోధించరు. బాల్చీని చూపించి పక్కకు తప్పుకుంటారు. చూడటమా మానటమా అన్నది పాఠకుడికే వదిలేస్తారు. అందువల్ల ఆ అభియోగం ఆయన కవిత్వం మీద నిలవదు.